చారు మాత్రం పల్సగుంటది

బేరంలో నన్ను మించిన మనిషిని నేనింతవరకు చూడలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. కాదు, గొప్ప కోసమే చెబుతున్నాను. ఈ సంగతిని ఇంకో రకంగా మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. ఇంకా ఇరవై కూడా నిండని వయసులో ఒక ఆడపిల్లను ఇచ్చి నాలుగు కాగితాలు తెచ్చుకున్నాను. నా చేతి నుంచి పైసా పోలేదు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పిల్ల ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడుతుంది, నలుగురికీ నా పేరు మంచిగా చెబుతుంది. ఇంతకన్నా లాభసాటి బేరం సూర్యాపేట బజారులో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

చేసి ఉండరు. అదే నా బరువు. ఏళ్లుగా మోస్తున్నాను. మా నాన్నకు చెప్పలేదు, మా ఆయనకు చెప్పలేదు, దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ ఒక్కటి వదిలేసి మిగతావి చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధీమాతోనే రాస్తున్నాను. ఇందులో కూడా బేరమే ఉందని మీకనిపిస్తే, అవును, ఉంది.

మాది సూర్యాపేటలో స్టీలు సామాన్ల దుకాణం. నేను నడక నేర్చింది బిందెల మధ్య. మా నాన్న దగ్గర నేర్చిన విద్య ఒకటుంది. అది తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు కాబట్టి ముందే చెబుతాను.

"సరుకంత మంచిగుందని ఎన్నడు జెప్పొద్దు బిడ్డా," అనేవాడు. "ఒక్క చిన్న వంక నువ్వే ముందుగాల జెప్పు. గీ డబ్బా మూత జర బిర్రుగుంటది, నాలుగు దినాలు వాడితే సదురుకుంటది, అను. ఇగ మిగిలిందంత నమ్ముతడు."

నమ్ముతారు. నేను చిన్నప్పటి నుంచీ చూశాను. తనంతట తాను వంక చెప్పిన మనిషి అబద్ధం ఆడతాడని ఎవరూ అనుకోరు. మూత బిర్రు అన్న మాట నిజమే. అడుగు పలచన అన్న మాట మాత్రం మేము చెప్పం.

ఇంటర్ బైపీసీ అయ్యాక డాక్టరు సీటు రాదని తేలిపోయింది. సిస్టరమ్మ కోర్సు చేస్తే ఎక్కడైనా కొలువు దొరుకుతుందని ఎవరో నాన్నకు చెప్పారు. కోదాడకు పోయే దారిలో ఒక ప్రైవేటు కాలేజీ. ఫీజు నేనే మాట్లాడాను. నాన్న పక్కన కూర్చుని మురిసిపోయాడు. ఆఫీసు సారు చెప్పిన రేటును నేను ఎంతకు దించానంటే, చివరికి ఆయన నవ్వి, "మీ అమ్మాయి నర్సింగ్‌లో ఎందుకండీ, మార్కెట్ యార్డులో ఉండాల్సింది," అన్నాడు. హాస్టలులో కిటికీ పక్క మంచం కూడా మాట్లాడుకున్నాను. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, నాలుగూ ఒరిజినల్సు కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎప్పుడు తిరిగిస్తారని అడగలేదు. మంచం గురించి అంత మాట్లాడిన దాన్ని ఆ మాట అడగలేదు. పొట్లంలో ఏముందో విప్పి చూడకుండా రేటు తగ్గించుకొని సంబరపడే వాళ్లను చూసి దుకాణంలో ఎంత నవ్వుకునేవాళ్లమో!

పొట్లంలో ఏముందో మొదటి నెలలోనే తెలిసింది.

తెల్లారకముందే లేవాలి. స్నానాల దగ్గర వరుస, జుట్టు ముడి, దాని మీద వల, గోళ్లు కనబడకూడదు. బస్సులో దవాఖానకు. వార్డులో కూర్చోకూడదు. గోడకు ఆనుకోకూడదు. మంచానికి మంచం దుప్పటి మూలలు మడిచి బిగించాలి, మడత సరిగా లేకపోతే స్టాఫ్ సిస్టరు మొత్తం లాగి పారేసి మళ్లీ వేయమనేది. లేవలేని వాళ్లకు బెడ్‌పాన్ పెట్టాలి, తీయాలి, కడగాలి. పక్క మీద పడి పడి వీపు పుండైన ముసలావిడను పక్కకు తిప్పి ఆ పుండు శుభ్రం చేయాలి. వాసన వస్తే ముఖం మార్చకూడదు. ముఖం మారిందా అని చూడటానికి ఒకావిడ ఉండేది. పేషెంట్ల చుట్టాలు "ఏయ్, సిస్టరూ" అని చిటికె వేసి పిలిచేవాళ్లు. డాక్టర్లు అలా కూడా పిలిచేవాళ్లు కాదు, చెయ్యి చాపేవాళ్లు, ఆ చేతిలో ఏం పెట్టాలో మాకే తెలియాలి.

మధ్యాహ్నం పాఠాలు. అన్నీ ఇంగ్లిషులో. నేను కొంత ఇంగ్లిష్ మీడియం కాబట్టి బతికాను. పల్లెల నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు కండరాల పేర్లను తెలుగు అక్షరాల్లో రాసుకొని, అర్థం తెలియకుండా మంత్రాల్లాగా చదివేవాళ్లు. మధ్యలో ఒక అక్షరం మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి అందుకునేవాళ్లు. ఆ గొంతులు ఇప్పటికీ వినిపిస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి. తెలుగు మీడియం పిల్లకు అక్కడ ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు.

మందు లెక్కలు ఉండేవి. సీసాలో ఇంత ఉంటే సూదిలోకి ఎంత ఎక్కించాలి. దుకాణంలో నా అంత తొందరగా లెక్క కట్టేవాళ్లు లేరు. అక్కడ మాత్రం చేతులు ఆగిపోయేవి. దుకాణంలో లెక్క తప్పితే నష్టం మాది. ఇక్కడ తప్పితే మంచం మీద పడుకున్నవాడిది. ఆ తేడా తెలిసిన రోజు నుంచి నాకు ఒకటీ ఒకటీ కలిపినా అనుమానమే.

ఇంకొకటి. ఒకరోజు పొద్దున నేను ఒక తాతకు నోరు కడిగాను. పళ్లు లేవు, చిగుళ్లు దూదితో తుడవాలి. "మెల్లగ తల్లీ," అన్నాడు. ఇంకాసేపటికి పోయాడు. స్టాఫ్ సిస్టరు దూది, గుడ్డపట్టీ నా చేతిలో పెట్టి, "నేర్చుకోవాల్నా, వద్దా?" అంది. ముక్కులో దూది పెట్టాలి. దవడ జారకుండా గుడ్డ కట్టాలి. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలి. కట్టాను. నేను కడిగిన నోరే. బయట ఆయన కోడళ్లు ఏడుస్తున్నారు. అదే యూనిఫాంలో వచ్చి క్లాసులో కూర్చున్నాను. ఆ రోజు పాఠం జీర్ణవ్యవస్థ. హాజరు పిలిస్తే ప్రెజెంట్ అన్నాను.

అందరూ ఇలా విరిగిపోలేదు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది తట్టుకున్నారు, ఆ పని మీద ప్రేమ పెంచుకున్న వాళ్లు కూడా ఉన్నారు. నేను తట్టుకోలేదు. వార్డు సంగతులేవీ చెప్పకుండా, చదువు ఎక్కట్లేదని మాత్రం చెప్పి ఇంటికి పోతానన్నాను. నాన్న సరే అన్నాడు. అప్పుడు తెలిసింది బీరువా సంగతి. మధ్యలో మానేస్తే మిగిలిన ఏళ్ల ఫీజంతా కట్టాలి. అంతవరకు ఒరిజినల్సు రావు. అవి లేకపోతే డిగ్రీలో కూడా చేర్చుకోరు. నేను ఎక్కడున్నా నేను నేనే అని చెప్పే కాగితాలు ఆ బీరువాలో ఉన్నాయి. రాత్రి పడుకుంటే కిటికీ పక్క మంచం. కిటికీకి ఊచలు. అంత బేరమాడి తెచ్చుకున్న కిటికీ.

నాన్నకు ఫీజు సంగతి చెప్పి అంత డబ్బు అడగలేక, మొదటి ఏడాది పరీక్షలు దగ్గరికొచ్చేదాకా లాగించాను. ఆ తరువాత ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్లాను. ఆఫీసు సారుది కోదాడ, మాట మెత్తన.

"చూడమ్మా, నువ్వు వెళ్లిపోతానంటే మాకేమీ అభ్యంతరం లేదు. కానీ నీ కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఖాళీ కుర్చీ మా స్టాఫ్‌కి జీతాలిస్తుందా?"

"ఏం చెయ్యమంటరు సార్?"

"కొత్త బ్యాచ్ వస్తోంది కదా. మీది కొట్టు, పదిమందీ వచ్చిపోయే చోటు. నీ తరఫున ఒక ఇద్దరు అమ్మాయిల్ని తీసుకురా. వాళ్ల సర్టిఫికెట్లు ఈ బీరువాలోకి వస్తే నీవి బయటికొస్తాయి."

నేను ఏం చేశానో మీరు ఊహించగలరా? బేరమాడాను. ఇద్దరు కుదరదు సార్, ఒక్కరే, అన్నాను. ఆయన తల గోక్కుని, నవ్వి, సరేనన్నాడు. బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడితే నాకు గెలిచినట్టే అనిపించింది. ఇద్దరిని ఒక్కరికి దించాను కదా. ఇంకో పిల్లను నేను కాపాడినట్టే కదా. కొన్నాళ్లు నిజంగానే అలా అనుకున్నాను.

ఆ ఒక్కరూ రేణుక.

తుంగతుర్తి వైపు పల్లె. వాళ్ల నాయిన అయిలయ్యకు గొర్ల మంద ఉండేది. ఎండాకాలం మందను తోలుకొని వాడపల్లి దాకా పోయేవాడు, కృష్ణ ఒడ్డున కోత అయిన పొలాల్లో మేపడానికి. ఏ సామాను కావాలన్నా మా దుకాణానికే వచ్చేవాడు. నాన్నంటే ఆయనకు గురి. రేణుక ఆ ఏడే తెలుగు మీడియంలో బైపీసీ పాసైంది, మంచి మార్కులు. గవర్నమెంటు నర్సింగ్ స్కూలుకు దరఖాస్తు పెట్టాలంటే ఇంటర్నెట్ సెంటర్లో నింపింది నేనే. నేను సెలవుల్లో ఇంటి దగ్గరున్నాను. రేణుకకు ఫోను లేదు. అయిలయ్య ఫోను మంద వెంట ఉన్నప్పుడు కలవదు. అందుకని నా నంబరే ఇచ్చాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదు. ఈ ఒక్క మాట మీరు నమ్మాలి. నమ్మకపోయినా నేను అడగలేను.

మొదటి జాబితాలో ఆమె పేరు రాలేదు, వెయిటింగులో ఉంది. అప్పుడు అయిలయ్య దుకాణానికి వచ్చాడు, వెనకాల రేణుక. ఆయన ఒక బకెట్ తీసి అడుగు మీద వేలితో కొట్టి చూస్తూ అడిగాడు.

"ఏం బిడ్డా, నువ్వా చదువే చదువుతున్నవ్ గద. ఎట్లుంటది గాడ? మా పిల్ల తట్టుకుంటదా?"

"మంచిగుంటది కాకా. చారు మాత్రం పల్సగుంటది."

"చారా?"

"మెస్సుల. నీళ్లలెక్క ఉంటది. మొదట్ల నాక్కూడ తినబుద్ధి కాలే. ఇగ అలవాటైతది."

అయిలయ్య నవ్వాడు. "చారుకేముందిరా! ఇంటికాడ మా ఆమె పెట్టేది గట్లనే ఉంటది."

"నాయినా!" అంది రేణుక.

"మరి శవాలు గివాలు పట్టుకోవాల్నా?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"అయ్యన్ని వార్డుబాయ్‌లు చూస్కుంటరు కాకా."

"ఇంగిలీషు?"

"టీచర్లు తెలుగుల చెప్తరు."

నాన్న గల్లాపెట్టె దగ్గర నుంచి నన్ను చూశాడు. ఆయనకు తెలుసు నేను వంక ముందు చెప్పానని. కానీ దాని వెనకాల ఏ సరుకు ఉందో ఆయనకు తెలియదు. బిడ్డ తెలివికి సంతోషించాడు, అంతే. అయిలయ్య బకెట్ కింద పెట్టి అన్నాడు: "గవర్నమెంటుది వస్తదేమో ఇంకొన్ని దినాలు సూద్దం. రాకుంటే నువ్వు చెప్పిన కాడ్నే ఏస్త. నీ మాట మీదనే బిడ్డా."

ఇక్కడిదాకా చదివి, ఇదేనా నీ తప్పు, చిన్నపిల్లవు, చిక్కుకుపోయి ఉన్నావు, ఒక అబద్ధం ఆడావు, అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అలా అనుకోవాలనే ఇంతసేపూ చెప్పాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే కదా. రాస్తూ రాస్తూ మీకు కూడా నేను చారు గురించే చెప్పాను. ఇక్కడ ఆపేస్తే మీరు నన్ను మంచిదాన్ననే అనుకుంటారు. రెండుసార్లు ఇక్కడే ఆపి చింపేశాను కూడా.

అసలుది ఇది.

అయిలయ్య మంద తోలుకొని వాడపల్లి వైపు పోయాడు. నేను దుకాణంలో ఉన్నాను. నాన్న భోజనానికి వెళ్లాడు. ఒకామె టిఫిన్ బాక్సులు చూస్తోంది. నా ఫోను మోగింది. ఆడమనిషి గొంతు, అలసిపోయిన గొంతు, పొద్దున్నుంచి ఎంతమందికి చేసిందో పాపం.

"రేణుకనేనా అమ్మా?"

"ఆఁ, నేనే మేడం."

ఆలోచించి అనలేదు. దుకాణంలో పెరిగిన నోరు. ఉందా అని అడిగితే ఉంది అనేస్తుంది, తరువాత వెతుక్కుంటుంది. ఇలా చెబితే మీరు నమ్ముతారు. నేనూ చాలాకాలం నమ్మాను. కానీ ఆ తరువాత మాటలకు ఆ సాకు చెల్లదు.

"వెయిటింగుల నీ పేరొచ్చిందమ్మా. రేపు, లేకుంటే ఎల్లుండి ఒరిజినల్స్ పట్టుకొని రా. రాకుంటే తర్వాత పిల్లకు ఇచ్చేస్తం."

టిఫిన్ బాక్సు ఆమె మూత తీసి, పెట్టి, తీసి చూస్తోంది. ఆ చప్పుడు గుర్తుంది. ఆ క్షణంలో నాకేం కనబడిందంటే, బీరువా. కొత్త బ్యాచ్ చేరికలు అయిపోతున్నాయి. వేరే పిల్ల దొరకలేదు. రేణుక అటు పోతే నేను మళ్లీ ఆ బస్సు ఎక్కాలి.

"నేను వేరే కాడ జాయినైన మేడం. నాకొద్దు."

"గవర్నమెంటుది బిడ్డా ఇది. హాస్టలు గూడ ఫ్రీ. మంచిగ ఆలోచించుకో. మల్ల అడిగితే ఉండది."

చూశారా? ఆమె నాకు ఇంకో అవకాశం ఇచ్చింది. ముఖం తెలియని మనిషి. ఎవరి పిల్లో అని ఆగింది. ఒక్క మాట, ఆగండి మేడం, వాళ్ల నాయినకు చెబుతాను, అంటే సరిపోయేది.

"పక్కా మేడం. వద్దు."

"సరే మరి. నీ ఇష్టం," అని పెట్టేసింది. నేను టిఫిన్ బాక్సు ఆమెకు రేటు చెప్పాను. ఆమె తగ్గించమంది. తగ్గించలేదు.

అయిలయ్య మందతో తిరిగి వచ్చాక ఇంక సీట్లు అయిపోయాయట కాకా, అన్నాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా వెంటే కోదాడ దారి పట్టారు, తండ్రీ బిడ్డా. ఆఫీసులో రేణుక తన కాగితాలున్న కవరు ఇచ్చింది. తండ్రీ బిడ్డా హాస్టలు చూడటానికి వెళ్లాక సారు బీరువా తెరిచాడు. ఆమెది లోపల పెట్టి, నాది తీశాడు. తాళం వేశాడు. అంతా ఒక్కసారి తలుపు తీసి మూసినంతలో అయిపోయింది. నేను సెలవులకు ఇంటికి పోతున్నానని, తరువాత వస్తానని రేణుకకు చెప్పాను. ఆమె నా మంచమే అడిగి తీసుకుంది. కిటికీ పక్కన ఉంటుందని.

కొన్ని నెలలకు ఒక ఆదివారం ఔటింగ్ పాస్ మీద దుకాణానికి వచ్చింది. నేను అప్పటికి సూర్యాపేటలోనే డిగ్రీలో చేరిపోయాను. చేతులు చూశాను, బ్లీచింగుకు పగిలిపోయి ఉన్నాయి. బుగ్గలు పోయాయి. స్టూలు మీద కూర్చుని, నాన్న ఇచ్చిన మంచినీళ్లు తాగి, నన్ను చూసి నవ్వింది.

"చారు పల్సగుంటదని చెప్పినవ్ సూడు అక్కా, అదొక్కటే నిజం చెప్పినవ్."

నాన్న కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన అటు గిరాకీ వైపు తిరిగాక ఆమె గొంతు తగ్గించింది.

"మొన్న శవాన్ని కట్టిన. చిన్న పోరడు, పామ్ గరిసింది. కాళ్ల వేళ్లు కట్టుమంటే నాకు ముడి పడ్తలేదు. సిస్టరు తిట్టింది. నువ్వు చెప్పలే గదక్కా."

"నాకు గట్ల రాలే."

"మంచిదాయె." గ్లాసు పక్కన పెట్టింది. "ఇంగ్లీషుల అన్ని పోతయేమో. రాస్తుంటే ఏడుపొస్తది. అక్కా, నువ్వెట్ల బయటపడ్డవ్?"

"అంటే?"

"నీ సర్టిఫికెట్లు ఎట్ల ఇచ్చిండ్రు? నన్నయితే మొత్తం ఫీజు కట్టుమంటుండ్రు. నువ్వెట్ల తెచ్చుకున్నవో నాకు గూడ చెప్పు."

నిన్ను ఇచ్చి తెచ్చుకున్నాను. ఈ మూడు మాటలూ నాలుక మీదికి వచ్చాయి. అయిలయ్య దుకాణం ముందు నిలబడి అరవడం కనబడింది. నాన్న తల దించుకోవడం కనబడింది.

"మా నాన్న తెలిసినోళ్లతోని చెప్పించిండు," అన్నాను.

"గట్లనా." పగిలిన చేతులు చూసుకుంది. "మా నాయినకెవరు తెలుసు, గొర్లు దప్ప." మళ్లీ అంది: "వెయిటింగుల నాది వస్తే మంచిగుండు. రాకపాయె."

"రాలే," అన్నాను.

పోయేటప్పుడు ఒక టిఫిన్ బాక్సు ఊరికే ఇచ్చాను. ఆమె వద్దు వద్దంటూ తీసుకుంది. నాన్న ఆశ్చర్యపోయాడు. నా చేతి నుంచి ఊరికే పోయిన సామాను ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఆమె బయటపడలేదు. పరీక్షలు తప్పింది, రాసింది, మళ్లీ తప్పింది. మూడేళ్ల చదువు ఐదేళ్లకు చేరింది. ఫీజుల కోసం అయిలయ్య మందను కొంచెం కొంచెంగా అమ్మి, చివరికి ముసలి గొర్లు మిగిలితే అవి కూడా అమ్మేశాడు. ఈ సంగతులు ఆయన సామాను కోసం వచ్చినప్పుడల్లా నాన్నతో చెప్పేవాడు. నేను లోపల గదిలోకి పోయి గిన్నెలు సర్దేదాన్ని.

నేను డిగ్రీ పూర్తి చేశాను, పెళ్లయి మిర్యాలగూడ వచ్చాను. మా ఆయనది రైసు మిల్లుల బెల్టులు, జల్లెడల దుకాణం. మూడేళ్ల కిందట మా అత్తమ్మకు కడుపునొప్పి వస్తే ఇక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో చేర్పించాం. మందు ఎక్కించడానికి వచ్చిన సిస్టరు నన్ను చూసి ఆగిపోయింది.

"అక్కా!"

నేను గుర్తుపట్టే లోపే అత్తమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, ఈ అక్కనే నన్ను సిస్టర్‌ను చేసింది. లేకుంటే గొర్ల ఎంట తిరుగుదును," అంది. అత్తమ్మ నా వైపు గర్వంగా చూసింది. నేను సెలైను సీసా వైపు చూశాను.

ఉన్నన్నాళ్లూ అత్తమ్మను బాగా చూసుకుంది. కాళ్ల మీద నరాలు ఉబ్బి నీలంగా కనబడుతున్నాయి, ఎక్కడ గోడ దొరికితే అక్కడ క్షణం ఆనుకునేది, అంతలోనే నిటారుగా నిలబడేది. అయిలయ్య ఇప్పుడు ఒక మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడట. డిశ్చార్జి రోజు మాట్లాడుతూ మాట్లాడుతూ, వాళ్ల పక్క ఊరి పిల్ల గురించి చెప్పింది. ఆ ఏడు గవర్నమెంటు సీటు వచ్చిన పిల్ల. ఇప్పుడు సర్కారు కొలువు.

"నాకంటే తక్కువ మార్కులక్కా దానికి. నాకు రాకుంట దానికెట్లచ్చిందో ఇప్పటికి సమజ్ గాదు." కోపం లేదు. వింతగా అడిగింది, అంతే. "నసీబంటవా?"

మా అత్తమ్మ లేదు అక్కడ, మా ఆయన బిల్లు కట్టడానికి పోయాడు. మేమిద్దరమే. నాన్న పోయాడు, దుకాణం తమ్ముడిది. అయిలయ్య వచ్చి అరిచినా తల దించుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. ఏ బీరువాలోనూ నా కాగితాలు లేవు.

"నసీబే," అన్నాను.

ఆ రోజు నుంచే ఇది రాయాలనుకుంటున్నాను. ఎందుకింత ఆలస్యం? తగ్గింపులు వెతుక్కుంటూ ఉన్నాను కనుక. చాలా దొరికాయి. చిన్నదాన్ని. చిక్కుకుపోయాను. నేను కాకపోతే ఇంకొకరెవరైనా ఆమెను అందులో చేర్పించేవాళ్లు. ఆమె ఎలాగూ సిస్టర్ అయింది. అన్నిటికన్నా తెలివైనది ఒకటుంది: రేణుక పోగొట్టుకున్న సీటు గాలికి పోలేదు కదా, ఇంకో పేదపిల్లకే దక్కింది కదా, లోకానికి నష్టమేముంది? ఇంత గట్టి మాట నాకు ఏ బేరంలోనూ దొరకలేదు. ఎన్నో రాత్రులు దాన్ని పట్టుకుని నిద్రపోయాను. కానీ ఆ ఫోను చేసింది లోకానికి కాదు. రేణుకకు. నేను వద్దన్నది లోకం పేరుతో కాదు. రేణుక పేరుతో.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. ఈమధ్య నా మాటకు ఎంత విలువుందో నాకు తెలుసు. ఆమె క్షమిస్తుందేమోనన్న ఆశ కూడా ఒక రకం తగ్గింపే, అది కూడా అడగను. ఇలా రాసినందుకు ఊపిరి కాస్త ఆడుతోంది, అంతవరకే.

ఇక తగ్గింపుల్లేకుండా బిల్లు. ఆమె సీటు నేను పోగొట్టాను, ఆమె పేరు చెప్పుకుని. ఆమెకు రెండేళ్లు ఎక్కువ పట్టాయి, అవి నావల్ల. వాళ్ల మంద పోయింది, అందులో ఎంత నావల్లో తేల్చలేను కాబట్టి మొత్తం నా మీదే వేసుకుంటున్నాను. ఆమె మంచి సిస్టర్ అయింది. అది ఆమె కష్టం, అందులో నాకు వాటా లేదు. ఆమెకు సీటు రాలేదన్న ఒక్క అబద్ధాన్ని మూడుసార్లు ఆడాను. మొదటిసారి బయటపడటానికి. రెండోసారి భయానికి. మూడోసారి ఆడేనాటికి నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు, ఆమె అక్కా అని పిలిచే పిలుపు తప్ప. దానికోసం ఆడాను.